పాత ట్రక్కులో తుప్పు పట్టిన వెనుక బ్రేక్ పైపులు మార్చడం ఎలా?

బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతున్నా, బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం పదే పదే తగ్గుతున్నా, వెనుక చక్రాల దగ్గర తడి కనిపిస్తున్నా ఆ బండిని రోడ్డెక్కించకండి. ఇక్కడ చెప్పేది ఆయిల్ ఒత్తిడితో పనిచేసే బ్రేకుల గురించి. గాలి బ్రేకులున్న భారీ వాహనాల సంగతి వేరు.

చిల్లు పడిన చోట మాత్రమే కోసి కొత్త ముక్క కలిపితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక చోట చిల్లు పడిందంటే, అదే వయసున్న మిగతా పైపు కూడా పలచబడే ఉంటుంది. ముఖ్యంగా క్లిప్పుల కింద, ఇంధన ట్యాంకు పైభాగంలో, అంటే మట్టీ తేమా చేరి ఆరని చోట్ల. బ్రేక్ గట్టిగా తొక్కినప్పుడు పైపులో ఒత్తిడి చదరపు అంగుళానికి 1000 పౌండ్లు దాటుతుంది. నీటి పైపులకు వాడే బిగింపు జాయింట్లు దానికి ఆగవు. కాబట్టి ముందు నుంచి వెనుక ఇరుసు దాకా మొత్తం లైను మార్చడమే సరైన పని.

కొత్త పైపుగా రాగి-నికెల్ మిశ్రమం తీసుకోండి. తుప్పు పట్టదు, చేత్తోనే వంగుతుంది. మామూలు రాగి గొట్టం మాత్రం వద్దు, అదురుకు గట్టిపడి పగులుతుంది. చాలా పాత బండ్లలో 4.75 మిల్లీమీటర్ల పైపు ఉంటుంది. అయినా పాతదాన్ని కొలిచి, నట్టు మరనూ, పైపు చివర గరాటులా విచ్చుకునే అంచు, అంటే ఫ్లేర్, ఆకారాన్నీ చూసి మరీ కొనండి. పైపు కట్టర్, ఫ్లేరింగ్ టూల్, బ్రేక్ పైపు నట్ల కోసమే చేసిన ఫ్లేర్ స్పానర్ తప్పనిసరి. మామూలు స్పానర్ నట్టు మూలలను అరగదీస్తుంది.

సమతల నేల మీద ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరవద్దు. పాత జాయింట్లన్నిటికీ వైరు బ్రష్ కొట్టి, తుప్పు వదిలించే ఆయిల్ పోసి, వీలైతే ఒక రాత్రి నాననివ్వండి. మిగతావి విప్పక ముందే వెనుక చక్రాల బ్లీడర్ నిపిళ్లు (గాలి బయటికి వదిలే చిన్న మరలు) తిరుగుతున్నాయో లేదో చూడండి. అవి విరిగితే అవి బిగించి ఉండే వీల్ సిలిండర్లు (చక్రం దగ్గర బ్రేకును నెట్టే భాగాలు) కూడా తెచ్చుకోవాల్సి వస్తుంది. ఛాసిస్ నుంచి ఇరుసుకు వెళ్లే రబ్బరు గొట్టం పాతదైతే దాన్నీ ఇప్పుడే మార్చేయండి.

పైపు నట్టు కదలకపోతే నట్టు పక్కనే పైపును కోసేసి, ఆరు మూలల సాకెట్ వేసి తిప్పండి. తీసిన పైపును వంపులు చెడకుండా దాచండి. కొత్త పైపును వంచడానికి అదే నమూనా. తెరిచిన చివరలను వెంటనే మూతలతో మూయండి.

పని మంచిచెడులు తేలేది ఫ్లేర్ దగ్గరే. పైపును కట్టర్‌తో తిన్నగా కోయండి, రంపం వద్దు. లోపలి అంచు గరుకు తీసి, రజను బయటికి ఊదేయండి. నట్టును ముందే పైపుకు ఎక్కించండి. ఫ్లేర్ పూర్తయ్యాక అది ఎక్కదు. డబుల్ ఫ్లేర్ అయితే, డై (టూల్‌తో వచ్చే అచ్చు ముక్క) మెట్టు ఎత్తుకు సమానంగా పైపును బిగింపు పైకి తేల్చి, మొదట డైతో నొక్కాలి. చివర ఉబ్బి లోపలికి ముడుచుకుంటుంది. తర్వాత డై తీసి, కోను మొనతో మళ్లీ నొక్కితే ఆ అంచు రెండు పొరలుగా కూర్చుంటుంది. వెలుతురులో తిప్పి చూడండి. సన్నని గీత కనిపించినా, ఒక పక్కకు ఒరిగినా కోసేసి మళ్లీ చేయండి. అసలు పైపు ముట్టుకోకముందు తుంటల మీద చేయి తిరిగేదాకా సాధన చేయడం మేలు.

కొత్త లైనును పాత దారిలోనే, పొగగొట్టానికి దూరంగా, పాత క్లిప్పు స్థానాలన్నిటిలోనూ బిగించండి. ప్రతి నట్టునూ చేత్తో కొన్ని చుట్లు తిప్పాకే స్పానర్ పెట్టండి.

ఇక పైపుల్లో చేరిన గాలి తీయడం. డబ్బా మూత మీద రాసి ఉన్న రకం ఆయిలే, కొత్త సీసా తెరిచి పోయండి. ఆ ఆయిల్ బండి రంగును తినేస్తుంది, ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి. మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే భాగానికి) దూరంగా ఉన్న వెనుక చక్రంతో మొదలుపెట్టాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, మరొకరు నిపిల్ తెరిచి, పెడల్ వదలక ముందే మూయాలి. బుడగలు ఆగేదాకా ఇలాగే చేస్తూ, డబ్బా ఖాళీ కాకుండా చూసుకోండి. ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ఉన్న కొన్ని బండ్లలో ఇందుకు బండి కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ కావాలి. అది లేకపోతే ఈ ఒక్క పని మెకానిక్‌కు అప్పగించండి.

పెడల్ గట్టిపడ్డాక కాలి బలమంతా పెట్టి తొక్కి పట్టుకోండి, మరొకరు ప్రతి జాయింట్‌నూ పొడి కాగితంతో తుడిచి చూడాలి. తడి తగిలితే విప్పి ఫ్లేర్ చూడాలి తప్ప ఇంకా బిగించుకుంటూ పోకూడదు. ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి ఆపి చూశాక, మర్నాడు డబ్బా మట్టాన్నీ జాయింట్లనూ మరోసారి పరీక్షించండి.