సర్వాంగాసనానికి దుప్పట్లు పరిచే ముందు

☐ అదుపులో లేని బీపీ, గ్లకోమా (కంటి నీటికాసుల జబ్బు), మెడ డిస్కు సమస్య ఉంటే భుజాల మీద ఒళ్లంతా నిలబెట్టి కాళ్లు పైకెత్తే ఈ ఆసనం జోలికే వెళ్లొద్దు.

☐ భుజాల కింద మడిచి పేర్చడానికి గట్టి దుప్పట్లు మూడు కావాలి. బొంత, దిండు వద్దు. బరువు పడగానే కుంగి, భారమంతా మెడ మీదికొస్తుంది.

☐ నున్నటి మడత అంచు మెడ వైపు, కుచ్చులు నడుం వైపు ఉండాలి.

☐ అసలు కిటుకు ఇక్కడే: భుజాలు అంచుకు రెండంగుళాలు లోపల, తల నేల మీద, మెడ కింద ఖాళీ. మెడ కూడా దుప్పటెక్కితే ఇంత సరంజామా దండగ.

☐ రెండు చేతులకూ కలిపి వేసే యోగా బెల్టు మోచేతులకు కాస్త పైన, భుజాల వెడల్పంత. పడుకోకముందే కొలిచి బిగించండి. తలకిందులుగా ఉన్నప్పుడు బకిల్ దొరకదు.

☐ పైకి లేచాక ఎవరు పిలిచినా తల తిప్పొద్దు. ఫోన్ పక్క గదిలో పెట్టండి.

☐ చేతులు తిమ్మిరెక్కినా, కళ్లలో ఒత్తిడి అనిపించినా వెంటనే మెల్లగా దిగండి.