ఆడాసిటీ కొత్త వెర్షన్ వేసే ముందు పాతదాన్ని దాచుకోండి

మా పెద్దమ్మ రిటైరైన తెలుగు టీచరు, నల్లకుంటలో ఉంటుంది. చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేసి పంపుతుంది. చదవడం ఆవిడ పని, శుభ్రం చేయడం నా పని. ఆవిడ ఇల్లు విద్యానగర్ స్టేషన్ దగ్గర కాబట్టి ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూత, కుక్కర్ విజిల్, వీధిలో మైకు అన్నీ రికార్డింగ్‌లో వినబడతాయి, వాటిని తీసేయడానికి ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తప్ప నేను వేరేది వాడలేదు. 2021లో ఒక రాత్రి ఆవిడ పెన్‌డ్రైవ్ మీద ఇచ్చిన ప్రాజెక్టు తెరిచి, నాయిస్ తీసి, సేవ్ చేసి తిరిగి ఇచ్చాను. గంట తర్వాత ఫోన్: "ఒరేయ్, ఇది తెరుచుకోవడం లేదురా, పొద్దున్నే పాఠం పంపాలి." ఆవిడ లాప్‌టాప్‌లో ఉన్నది ఆడాసిటీ 2.4.2, నా దాంట్లో ఉన్నది 3.0. పాతకాలపు డేటా ఫోల్డర్ అనవసరం అనుకుని పెన్‌డ్రైవ్‌లోంచి నేనే తీసేశాను కూడా. చివరికి నా దగ్గర తెరిచి, వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ రాత్రే బండి మీద తీసుకెళ్లి ఇచ్చాను. పాఠం పోలేదు, కానీ ఆ టెన్షన్ ఇంకెవరికీ రాకూడదని ఇదంతా రాస్తున్నాను.

విషయం ఒక్కటే. సాఫ్ట్‌వేర్‌ను వెనక్కి తీసుకురావడం సులువు, ప్రాజెక్టు ఫైల్‌ను వెనక్కి తీసుకురావడం కష్టం. మిగతాదంతా దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసే పనే.

ముందు మీ దగ్గర ఏ వెర్షన్ ఉందో చూడండి

హెల్ప్ మెనూలో అబౌట్ ఆడాసిటీ నొక్కితే మూడు అంకెలు కనిపిస్తాయి. మొదటి అంకె మారితే పెద్ద మార్పు. 2 నుంచి 3కి మారినప్పుడు, అంటే 2021 మార్చిలో, ప్రాజెక్టు ఫైల్ తీరే మారిపోయింది. అంతకు ముందు ఏయూపీ అనే చిన్న ఫైల్, దాని పక్కనే వందల కొద్దీ ముక్కలున్న డేటా ఫోల్డర్ ఉండేవి, రెండూ కలిసి ఉంటేనే ప్రాజెక్టు. ఇప్పుడు అంతా ఏయూపీ3 అనే ఒకే ఫైల్, లోపల అదొక డేటాబేస్. 3వ వెర్షన్ పాత ఏయూపీని చదువుతుంది, దాన్ని ముట్టుకోకుండా కొత్తగా ఏయూపీ3 సేవ్ చేస్తుంది. 2.4.2 మాత్రం ఏయూపీ3ని తెరవలేదు. కాబట్టి మార్పిడి అయిపోయింది కదా అని పాత ఏయూపీని, దాని డేటా ఫోల్డర్‌ను నాలాగా చెరిపేయకండి.

మధ్య అంకె మారినా జాగ్రత్తగా ఉండాలి. 3.1లో క్లిప్పుల పద్ధతి మారింది, కోసేసిన భాగం లోపల దాగి ఉండి అంచు లాగితే మళ్లీ వస్తుంది. అలా సేవ్ చేసిన ప్రాజెక్టును 3.0లో తెరవలేం. చివరి అంకె మారితే ఎక్కువగా తప్పుల సవరణలే, దానికి పెద్దగా భయపడక్కర్లేదు. చివర సున్నా ఉన్న విడుదల వచ్చిన రోజే వేసుకోకుండా, తర్వాతి సవరణ వచ్చేదాకా ఆగడం నా అలవాటు.

ఎక్కడి నుంచి దించుకోవాలి

గూగుల్‌లో పేరు కొట్టగానే పైన కనిపించే ప్రకటనలు నొక్కకండి. ఆడాసిటీ టీమ్ అధికారిక సైటుకు నేరుగా వెళ్లండి. అక్కడ మ్యూజ్ హబ్ అనే ఇంకో ప్రోగ్రామ్ బటన్ కూడా కనిపించవచ్చు, ఆడాసిటీ నడవడానికి అది అవసరం లేదు, కొంచెం కిందికి జరిగితే మ్యూజ్ హబ్ లేకుండా దించుకునే లింకులు ఉంటాయి. ఇది జీపీఎల్ లైసెన్సు మీద ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్. ఎవరైనా డౌన్‌లోడ్‌కు డబ్బు అడిగితే ఆ పేజీ మూసేయండి. పాత వెర్షన్లు కావాలంటే సాఫ్ట్‌వేర్ కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటులో ఆడాసిటీ రిలీజెస్ పేజీలో వరసగా దొరుకుతాయి.

దించుకునే ముందు మీ విండోస్ 32 బిట్టా, 64 బిట్టా చూసుకోండి. ఈమధ్య కొన్న కంప్యూటర్ అయితే దాదాపు ఎప్పుడూ 64 బిట్ విండోసే ఉంటుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న పాత లాప్‌టాప్ లాంటిదైతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ చూసి ఖాయం చేసుకోండి. ఇది ఎందుకంటున్నానంటే, ఫోన్‌లో రికార్డయ్యే ఎం4ఏ ఫైళ్లు ఆడాసిటీలో తెరవాలంటే విండోస్‌లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే లైబ్రరీ విడిగా వేసుకోవాలి, 64 బిట్ ఆడాసిటీకి 64 బిట్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగే కావాలి. అప్‌డేట్ తర్వాత "నిన్నటిదాకా తెరుచుకున్న ఎం4ఏ ఇవాళ తెరుచుకోవడం లేదు" అంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఆడాసిటీ సెట్టింగ్స్ ఉండే ప్రిఫరెన్సెస్‌లో లైబ్రరీస్ దగ్గరకు వెళ్తే అది దొరికిందో లేదో అక్కడే చెబుతుంది. ఎంపీ3కి మాత్రం ఇప్పుడు విడిగా ఏమీ వేయక్కర్లేదు.

ఇన్‌స్టాల్ చేయడం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, నెక్స్ట్ నొక్కుకుంటూ పోవడమే. ఒక్క చోట మాత్రం ఆగండి. మధ్యలో రీసెట్ ప్రిఫరెన్సెస్ అనే టిక్ పెట్టె వస్తుంది. అది పెడితే మీ షార్ట్‌కట్లు, మైకు ఎంపికలు అన్నీ మొదటికి వస్తాయి. మామూలు అప్‌డేట్‌కు దాన్ని ఖాళీగానే వదిలేయండి.

అప్‌డేట్‌కు ముందు మూడు కాపీలు

ఇక్కడ పది నిమిషాలు పెట్టండి, దయచేసి.

మొదటిది, ఇప్పుడు మీ దగ్గర బాగా నడుస్తున్న వెర్షన్ ఇన్‌స్టాలర్. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఎప్పుడో ఖాళీ చేసి ఉంటారు, మళ్లీ దించి, వెర్షన్ అంకె పేరులో ఉండేలా ఒక ఫోల్డర్‌లో పెట్టండి. నెట్ పోయిన రోజున, పక్కవాళ్ల కంప్యూటర్ బాగు చేయాల్సిన రోజున అది బంగారం.

రెండోది, సెట్టింగ్స్ ఫోల్డర్. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో శాతం గుర్తు, యాప్‌డేటా అని ఇంగ్లీషులో, మళ్లీ శాతం గుర్తు, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. రోమింగ్ అనే ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో ఆడాసిటీ ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేసి పక్కన పెట్టండి. మీ షార్ట్‌కట్లు, మాక్రోలు (వరసగా చేసే పనులను ఒక్క నొక్కుతో చేయించేవి), ప్లగిన్ల (అదనంగా చేర్చుకునే ఎఫెక్టుల) జాబితా అన్నీ అందులోనే ఉంటాయి. మాక్‌లో ఇదే ఫోల్డర్ యూజర్ లైబ్రరీలోని అప్లికేషన్ సపోర్ట్ కింద ఉంటుంది.

మూడోది, ప్రాజెక్టులు. ఆడాసిటీ తెరిచి ఉన్నప్పుడు ఫైల్ మెనూలో సేవ్ ప్రాజెక్ట్ కింద బ్యాకప్ ప్రాజెక్ట్ అని ఉంటుంది, అది వాడండి. మూసేసిన ప్రాజెక్టు అయితే ఏయూపీ3 ఫైల్‌ను మామూలుగా కాపీ చేస్తే చాలు. తెరిచి ఉన్న ప్రాజెక్టు ఫైల్‌ను మాత్రం ఫోల్డర్‌లోంచి కాపీ చేయకండి. సైజు లెక్క కూడా చూసుకోండి: మామూలు సెట్టింగ్స్‌లో, అంటే 44,100 హెర్ట్జ్, 32 బిట్ ఫ్లోట్‌లో మోనో అయితే నిమిషానికి సుమారు 10.6 ఎంబీ, స్టీరియో అయితే దాదాపు 21, గంటకు 1.27 జీబీ. మొత్తం ట్రాక్ మీద నాయిస్ రిడక్షన్ కొట్టారంటే, అన్‌డూ కోసం పాతది కూడా ఉంచుకుంటుంది కాబట్టి పని జరుగుతున్నంతసేపు ఫైల్ రెట్టింపు అవుతుంది. పాత పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ అందులో పట్టదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. పెన్‌డ్రైవ్ మీదే ప్రాజెక్టు తెరిచి ఎడిట్ చేయడం కూడా వద్దు, కంప్యూటర్‌లోకి తెచ్చుకుని చేసి, మూసి, తిరిగి పెట్టండి.

వీటితో పాటు, నిజంగా ముఖ్యమైన రికార్డింగ్ అయితే ట్రాకులన్నీ విడివిడిగా వేవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టండి. ఏ వెర్షన్ అయినా, అసలు ఆడాసిటీ కాకపోయినా, వేవ్ తెరుచుకుంటుంది. పెద్దమ్మకూ నాకూ మధ్య ఇప్పుడు తిరిగేవి వేవ్ ఫైళ్లే.

ఇక అప్‌డేట్. హెల్ప్ మెనూలో చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కినా, సైటు నుంచి దించుకున్నా ఫలితం ఒకటే, పాతదాని మీద కొత్తది కూర్చుంటుంది. సగం పని ఉన్న ప్రాజెక్టు మధ్యలో అప్‌డేట్ అడిగితే ఒప్పుకోకండి, అది ముగించి ఎక్స్‌పోర్ట్ చేసి అప్పుడు వేయండి. వేశాక ఒక నిమిషం మాట్లాడి రికార్డు చేసి, ఎంపీ3గా తీసి, ఫోన్‌లో పెట్టుకుని వినండి. మైకు సరైనదే ఎంచుకుందా, శబ్దం రెండు వైపులా వస్తోందా, మీరు రోజూ వాడే ఎఫెక్టులు ఉన్నాయా చూసుకోండి.

పెద్ద వయసు వాళ్ల కంప్యూటర్‌లో వేస్తే ఒక పూట పక్కన కూర్చోండి. 3.1లో టైమ్ షిఫ్ట్ టూల్ పోయింది, క్లిప్ పైనున్న పట్టీని పట్టుకుని లాగాలి. 3.2లో మైకు ఎంచుకునే వరస పోయి ఆడియో సెటప్ అనే ఒకే బటన్ వచ్చింది. 3.4లో ఎక్స్‌పోర్ట్ కిటికీ మారింది. మనకు ఇవి చిన్నవి, ఏళ్ల తరబడి చేతికి అలవాటైన వాళ్లకు చిన్నవి కావు. మైకు వరస కావాలంటే వ్యూ మెనూలో టూల్‌బార్స్ కింద డివైస్ టూల్‌బార్ టిక్ పెడితే తిరిగి వస్తుంది. పెద్దమ్మకు అదే చేసి ఇచ్చాను.

వెనక్కి వెళ్లాలంటే

చాలామంది ఇక్కడ ఒకే తప్పు చేస్తారు: కొత్తది అన్‌ఇన్‌స్టాల్ చేసి, పాతది వేసి, "అయినా అదే సమస్య" అంటారు. అన్‌ఇన్‌స్టాల్ చేసినా సెట్టింగ్స్ ఫోల్డర్ పోదు. కొత్త వెర్షన్ రాసిన సెట్టింగ్స్‌నే పాతది చదువుతుంది, అందుకే ప్లగిన్లు కనిపించకపోవడం, టూల్‌బార్లు చెల్లాచెదురు కావడం.

కాబట్టి వరస ఇది. ముందు కొత్త వెర్షన్‌లో చేసిన పనంతా వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టండి, కొత్త వెర్షన్ తీసేశాక ఆ ప్రాజెక్టులు పాతదానిలో తెరుచుకోకపోవచ్చు. సేవ్ చేయని ప్రాజెక్టు ఏదైనా తెరిచి ఉంటే సేవ్ చేసి మూయండి. తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ దగ్గర ఆడాసిటీని తీసేయండి. రోమింగ్‌లో ఉన్న ఆడాసిటీ ఫోల్డర్ పేరు మార్చండి, చివర కొత్తది అని ఏదో ఒకటి చేర్చండి, చెరిపేయకండి. దాచుకున్న పాత ఇన్‌స్టాలర్ నడపండి, దాన్ని తెరవక ముందే దాచిన పాత సెట్టింగ్స్ ఫోల్డర్‌ను రోమింగ్‌లో తిరిగి పెట్టండి. తెరిచాక ప్రిఫరెన్సెస్‌లో అప్లికేషన్ దగ్గర అప్‌డేట్ల గురించి ఉన్న టిక్ తీసేయండి, లేకపోతే మళ్లీ అడుగుతూనే ఉంటుంది.

కానీ అసలు ఇంత తంటా లేని దారి ఒకటుంది, నేను అందరికీ ముందు చెప్పేది అదే. విండోస్‌కు ఆడాసిటీ జిప్ రూపంలో కూడా దొరుకుతుంది. దాన్ని ఒక ఫోల్డర్‌లోకి విప్పి, ఆడాసిటీ ప్రోగ్రామ్ ఫైల్ ఉన్నచోటే పోర్టబుల్ సెట్టింగ్స్ అనే పేరుతో కొత్త ఫోల్డర్ చేయండి. ఇంగ్లీషులో, రెండు మాటల మధ్య ఖాళీ వదిలి, రెండింటి మొదటి అక్షరాలూ పెద్దవిగా. ఇక ఆ కాపీ తన సెట్టింగ్స్‌ను అక్కడే రాసుకుంటుంది, ఇన్‌స్టాల్ అయి ఉన్నదాన్ని ముట్టుకోదు. కొత్త వెర్షన్‌ను ఇలా వారం రోజులు వాడి చూసి, నచ్చితేనే అసలుదాన్ని అప్‌డేట్ చేయండి. మాక్‌లో అయితే అప్లికేషన్స్‌లో ఉన్న పాతదాని పేరుకు వెర్షన్ అంకె చేర్చి, తర్వాత కొత్తదాన్ని లాగి వేస్తే రెండూ ఉంటాయి, కానీ అక్కడ సెట్టింగ్స్ రెండింటికీ ఉమ్మడి. లైనక్స్‌లో ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే యాప్ఇమేజ్ ఫైల్ దించుకుని, నడిపే అనుమతి ఇస్తే చాలు, ఎన్ని వెర్షన్లయినా పక్కపక్కనే పెట్టుకోవచ్చు.

రెండు వెర్షన్లు ఉన్నప్పుడు ప్రాజెక్టు మీద డబుల్ క్లిక్ చేయకండి, ఇన్‌స్టాల్ అయి ఉన్నదే తెరుచుకుంటుంది. కావలసిన ఆడాసిటీని ముందు తెరిచి, ఫైల్ మెనూ నుంచి ఓపెన్ చేయండి. ప్రాజెక్టు పేరు చివర ఏ వెర్షన్‌తో సేవ్ చేశారో రాయండి. పెద్దమ్మ డెస్క్‌టాప్ మీద ఇప్పుడు రెండు ఐకాన్లున్నాయి, ఒకటి "పాఠాలు", ఇంకోటి "కొత్తది, చూడటానికి".