కృష్ణ ఒడ్డున జింకల వీడియో: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

నారాయణపేట జిల్లా మాగనూరు, కృష్ణ మండలాల నల్లరేగడి చేలల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. అడవి జంతువులను వీడియో తీయడం నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి బడి పాత పాలమూరు జిల్లాలో మరొకటి లేదని నా అభిప్రాయం. అయితే అక్కడి నుంచి తిరిగి వచ్చేవాళ్లు తరచుగా లెన్సును తిట్టుకుంటూ వస్తారు. నేనూ అలాగే వచ్చాను. చాలాసార్లు తప్పు మనం కూర్చున్న చోటుది, వెళ్లిన వేళది. ఏ సమస్య వచ్చినా ముందు చోటు చూడండి, తర్వాత వేళ, ఆఖరున కెమెరా మెనూ.

జింక నీళ్ల కింద ఉన్నట్టు వణుకుతోంది

ఒక మే నెలలో నలభై నిమిషాల వీడియో నాకు ఇలాగే పోయింది. మోకాళ్ల కింద కాళ్లు కరిగిపోయాయి, కొమ్ముల మెలికలు పాముల్లా కదిలాయి. లెన్సు పాడైందనుకుని బాగుచేయడానికి ఇస్తే, డబ్బు తీసుకుని ఏ లోపమూ లేదని తిరిగి ఇచ్చారు.

కారణం ఎండమావి. నల్లనేల వేడిని బాగా పీల్చుకుంటుంది. దాన్ని ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది. వేడిగాలీ చల్లగాలీ కలిసేచోట వెలుతురు వంగుతుంది. జింకకూ మనకూ మధ్య ఎంత దూరముంటే అంత వంపు. ఇంకా పొడవైన లెన్సు కొంటే వణుకు మరింత పెద్దదిగా కనిపిస్తుంది, అంతే.

తెల్లవారకముందే వెళ్లి కూర్చోండి. పొద్దు పొడిచాక మొదటి గంట, గంటన్నరలో పని ముగించండి. బీడు నేల మీదుగా కాకుండా నీళ్లు పెట్టిన వరి మడి మీదుగా గురి చూడండి. వణుకు నేల దగ్గరే ఎక్కువ కాబట్టి గట్టు మీదికి ఎక్కి కూర్చుంటే కొంత మేలు. వాన వెలిసి మబ్బు కమ్మిన రోజు దొరికితే సెలవు పెట్టైనా వెళ్లాలి.

కారులోంచి తీసేవాళ్లు మరో సంగతి పట్టించుకోరు. ఏసీ నడుస్తుండగా అద్దం దించితే లోపలి చల్లగాలి, బయటి వేడిగాలి సరిగ్గా లెన్సు ముందే కలుస్తాయి. ఉదయం ఏడింటికే వీడియో మెత్తగా, ఫోకస్ కుదరనట్టు వస్తుంటే అనుమానించాల్సింది దీన్నే. పావుగంట ముందే ఏసీ ఆపి అద్దాలన్నీ దించేయండి. వేడెక్కిన బానెట్ మీదుగా మాత్రం ఎప్పుడూ గురి పెట్టకండి.

నేను దిగగానే మంద లేచిపోతోంది

కృష్ణజింక బయలు జంతువు. దానికి ప్రధాన కాపలా కళ్లే. పక్కనే ట్రాక్టరు దున్నుతుంటే తలెత్తదు, కలుపు తీసే కూలీలను లెక్కచేయదు. నడుస్తూ నడుస్తూ ఆగి తనవైపే చూసే మనిషిని మాత్రం నమ్మదు. మనం చేసేది సరిగ్గా అదే: దిగుతాం, తలుపు ధడాలున వేస్తాం, తిన్నగా నాలుగు అడుగులు వేసి నిలబడి కెమెరా ఎత్తుతాం.

ముందుగా ఒక ఆడజింక తలెత్తుతుంది. చెవులు ముందుకు నిలుస్తాయి, నమలడం ఆగుతుంది. ఆ తర్వాత రెండోది. మూడోది కూడా తలెత్తిందంటే మీరు వెనక్కి తగ్గాల్సిన సమయం వచ్చినట్టే. పట్టించుకోకుండా ఇంకో పది అడుగులు వేస్తే ఒకటి గాల్లోకి ఎగురుతుంది, మిగతావి దాని వెంట పడతాయి. మీకు మిగిలేది దుమ్ము.

దగ్గరికి వెళ్లడం మానేసి, అది వచ్చేచోట కూర్చోవడం నేర్చుకోండి. ముదురు మగజింక తన హద్దులో ఒకే చోట పెంటికలు వేస్తూ కుప్ప చేస్తుంది. మళ్లీ మళ్లీ అక్కడికే వస్తుంది. మధ్యాహ్నం మంద లేని వేళ ఆ కుప్పను వెతికి పెట్టుకోండి. మర్నాడు చీకటితోనే దానికి ఎనభై, వంద మీటర్ల దూరంలో, సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా మట్టిరంగు బట్టల్లో కూర్చోండి. రైతును ముందే అడగాలి: “అన్నా, మీ గట్టు మీద ఒక గంట కూర్చోవచ్చా?” ఈ జింకల వల్ల పంట పోయి ఆయన ఇప్పటికే విసిగి ఉంటాడు. మీరు బెదరగొట్టిన మంద ఆయన కందిచేను తొక్కుకుంటూ పోతే ఇంకోసారి అటు వెళ్లే మొహం ఉండదు.

నెత్తి మీద తీతువు పిట్ట గోల చేస్తూ తిరుగుతుంటే చోటు మార్చండి. శకునం సంగతి ఎలా ఉన్నా, నేల మీద దాని గూడు మీ కాళ్ల దగ్గరే ఉండవచ్చు. పైగా ఆ అరుపుతో చేనంతా మిమ్మల్ని పసిగడుతుంది.

మగజింక ఒళ్లు నల్లముద్ద, పొట్ట తెల్లమచ్చ

పైన నలుపు, కింద తెలుపు. ఏ ఎక్స్‌పోజరైనా ఒకదానికి అన్యాయమే చేస్తుంది. ఆటోలో వదిలేస్తే జింక తిరిగినప్పుడల్లా వెలుతురు ఎగిరి పడుతుంది కూడా. మాన్యువల్‌లో పెట్టి, జీబ్రా గీతలు (వెలుతురు మరీ ఎక్కువైన చోట తెర మీద కనిపించే చారలు) ఆన్ చేసి, పొట్ట మీద గీతలు మొదలయ్యేదాకా పెంచి ఒక మెట్టు దించండి. నలుపులో దాగిన వెంట్రుకల వివరాన్ని ఎడిటింగులో కొంతైనా పైకి తేవచ్చు, కాలిపోయిన తెలుపును ఎవరూ తిరిగి తేలేరు.

పరుగు ముక్కలు ముక్కలుగా కనిపిస్తే షట్టర్ వేగం మరీ ఎక్కువైంది. సెకనుకు 25 ఫ్రేములకు 1/50 దగ్గర ఉంచి, మిగిలిన వెలుతురును లెన్సుకు తొడిగే నల్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్‌తో తగ్గించండి.

ఫోకస్ గడ్డి మీదికి పోతోంది

ఆటోఫోకస్‌కు జింక కన్నా ముందున్న జొన్న కర్రే ముద్దు. ఫోకస్ ప్రాంతాన్ని చిన్నది చేయండి. అప్పటికీ కుదరకపోతే మాన్యువల్‌కు మారి, పీకింగ్ రంగు (ఫోకస్ కుదిరిన అంచుల మీద తెర చూపే రంగు) కంటి దగ్గర మెరిసేదాకా తిప్పండి.

గాలి హోరు తప్ప ఏమీ వినబడటం లేదు

మైకుకు బొచ్చు తొడుగు వేయండి. ఆషాఢ గాలికి అదీ ఆగదు. గాలి ఆగిపోయిన తెల్లవారుజామున రెండు నిమిషాల చేని చప్పుడు విడిగా రికార్డు చేసి దాచుకోండి.

అమ్రాబాద్ జీపులో తీసిందంతా అదురుతోంది

నల్లమలలోని అమ్రాబాద్ పులుల అడవిలో సఫారీ జీపు దిగనివ్వరు కాబట్టి ట్రైపాడ్ దండగ. అదురు సాధారణంగా నడుస్తున్న ఇంజిన్‌ది. దుప్పి కనబడగానే ఇంజిన్ ఆపమని డ్రైవరుకు బయలుదేరేటప్పుడే చెప్పి ఉంచండి. ఖాళీ గుడ్డసంచి తీసుకెళ్లి మన్ననూరులో కందులు నింపుకుని, జీపు అంచు మీద వేసి దాని మీద లెన్సు పెట్టండి. ఇంటికొచ్చాక పప్పు వండుకోవచ్చు. సంచి మీద కెమెరా కదలకుండా ఉన్నా ఫ్రేము మెల్లగా జారుతుంటే లెన్సులో వణుకు తగ్గించే స్టెబిలైజర్ ఆపేయండి.

సఫారీకి మించి ఏం తీయాలన్నా అనుమతి కావాలి. 1972 వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద అభయారణ్యంలో ఫొటోలకు అనుమతి ఇచ్చే అధికారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారిది. 2022 సవరణలో చిత్రీకరణను విడిగా చేర్చి, జంతువుల ఆవాసాన్ని మార్చకూడదని షరతు పెట్టారు. గేటు దగ్గర బతిమాలి ప్రయోజనం లేదు.

రాత్రి పెట్టిన ట్రాప్ కెమెరాలో ఖాళీ వీడియోలే

అడవిపందులు, ఏదుపందులు, నక్కల కోసం మిత్రుల పొలాల్లో పెట్టి వచ్చే కెమెరా ఇది, ముందు ఏదైనా కదిలితే తనంతట తానే తీస్తుంది. వందల కొద్దీ ఖాళీ క్లిప్పులు వస్తే గాలికి ఊగే గడ్డే కారణం. ముందున్న రెండు మీటర్లు శుభ్రం చేసి, కెమెరాను ఉత్తరం వైపు తిప్పండి, ఉదయపు ఎండా సాయంత్రపు ఎండా సూటిగా పడవు. అసలు క్లిప్పులే లేకపోతే, అదీ వేసవి పగళ్లలోనైతే, సెన్సార్‌ను తప్పుపట్టకండి. అది చూసేది వేడిలో తేడాను. బండలూ నేలా జంతువు ఒంటంత వేడెక్కితే దానికి ఏమీ కనబడదు. నీళ్ల తొట్టి దగ్గర, చెట్టు నీడలో పెట్టి చూడండి.

కార్డు మార్చడానికి చీకట్లో ఒంటరిగా వెళ్లవద్దు. పందుల కోసం కొన్నిచోట్ల చేల చుట్టూ కరెంటు తీగ లాగుతారు. అది నేరం, అయినా లాగుతారు. పొలంలో అడుగు పెట్టేముందు ఫోను చేసి అడగండి: “అన్నా, ఈ రాత్రి మీ చేనుకుగానీ, పక్క చేనుకుగానీ తీగ ఉందా?” తెలియదన్నారంటే తెల్లవారాకే వెళ్లండి.