మల్పురా మైదానం నుంచి పెన్నా ఇసుక దాకా: పారాచూట్‌తో దిగేటప్పుడు ఎలా పడాలి?

తాడిపత్రిలో పెన్నా ఒడ్డుకి ఆదివారం పొద్దున్నే ముగ్గురు పిల్లోళ్ళు నా దగ్గరికి వస్తారు. ముగ్గురూ ఆర్మీ భర్తీ కోసం పరుగులు తీస్తున్నవాళ్ళే. అందులో ఒకడు మా చెల్లెలి కొడుకు. పారాచూట్ రెజిమెంట్‌లోకే పోవాలని వాడి పట్టుదల. నేను 1983లో ఆగ్రాలో జంప్ నేర్చుకున్నవాణ్ణి కాబట్టి, "మామా, విమానంలోంచి ఎట్ల దూకాలో చెప్పు" అని నా వెంట పడ్డాడు. "దూకేది తర్వాత అబ్బీ, ముందు పడేది నేర్చుకో" అన్నాను.

ఇది మాటవరసకి అన్నది కాదు. ఆగ్రాలో వాయుసేన నడిపే పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్లో మమ్మల్ని విమానం ఎక్కించే ముందు రోజుల తరబడి నేల మీదే దొర్లించారు. గుండ్రటి పారాచూట్ కింద మనిషి సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో దిగుతాడు. అంటే నాలుగడుగుల గట్టు మీంచి దూకినంత. వినడానికి తక్కువే అనిపిస్తుంది. కానీ వీపు మీద, ఛాతీ మీద బరువు ఉంటుంది, గాలి పక్కకి తోస్తూ ఉంటుంది. ఆ దెబ్బంతా ఒక్క చీలమండ మోస్తే విరుగుతుంది, ఒళ్ళంతా పంచుకుంటే లేచి దులుపుకుని పోవచ్చు.

ముందు చోటు చూసుకోండి. మెత్తటి పొడి ఇసుక కావాలి. ఎండాకాలంలో పెన్నా ఇసుక దీనికి చాలా మంచిది. నెర్రెలిచ్చిన నల్లరేగడి చేలో మాత్రం వద్దు, నెర్రెలో కాలు ఇరుక్కుంటే ఇసుకలో తప్పిన ప్రమాదం అక్కడ జరుగుతుంది. ఆగ్రా దగ్గర మేము పారాచూట్‌తో దిగే మైదానం మల్పురా డ్రాప్ జోన్. అక్కడికి అప్పుడప్పుడూ ఒక ముసలి సుబేదార్ వచ్చేవారు. 1971 యుద్ధంలో డిసెంబర్ 11న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టాంగైల్‌లో దూకిన 2 పారా (పారాచూట్ రెజిమెంట్ రెండో బెటాలియన్) వాళ్ళలో ఆయనొకరు. మైదానంలోకి అడుగు పెట్టగానే వంగి, ఇంత మట్టి తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూసేవారు. మంచుకి తడిసిందా, ఎండకి గట్టిపడిందా అని. పడబోయే నేల సంగతి ముందే తెలుసుకోవాలని నాకు నేర్పింది ఆయనే. మీరు కూడా ఇసుకని చేత్తో కెలికి చూసి, రాళ్ళూ గాజు పెంకులూ ఏరేయండి.

మొదటి వారం గట్టు ఎక్కొద్దు. నిలబడిన చోటే పాదాలు, మోకాళ్ళు అతికించినట్టు దగ్గర పెట్టాలి. మోకాళ్ళ మధ్య మడత పెట్టిన తువ్వాలు పెట్టి, అది జారకుండా పది సార్లు ఎగిరి దిగండి. మోకాళ్ళు కొంచెం వంగి ఉండాలి, బిర్రబిగుసుకుపోకూడదు. గడ్డం ఛాతీకి ఆనాలి. మోచేతులు ఒంటికి దగ్గరగా, చేతులు పైకెత్తి రైజర్లు, అంటే భుజాల మీంచి పైకి పోయే గట్టి పట్టీలు, పట్టుకున్నట్టు ఉండాలి. పడేటప్పుడు ఎవరైనా చెయ్యి చాపి నేలని ఆపాలని చూస్తారు. అలా చేస్తే మణికట్టు పోతుంది.

ఇక పడటం. పాదాల ముందు భాగం ఇసుకని తాకగానే ఒంటిని పక్కకి వదిలేయాలి. పిక్క పక్క, తొడ పక్క, పిరుదు, చంక కిందుగా వీపు కండ, ఈ వరసలో నేలకి తగలాలి. అక్కణ్ణుంచి ఒళ్ళు దానంతటదే దొర్లి కాళ్ళు అటు పక్కకి పోతాయి. కూర్చున్నట్టు పడితే దెబ్బ వెన్నెముకకి తగులుతుంది. గాలి ఎటు తోస్తుంటే అటే దొర్లాలి కాబట్టి కుడికి, ఎడమకి, వెనక్కి, అన్ని వైపులా చెయ్యాలి. అందరికీ ఒక పక్క బాగా వస్తుంది, ఇంకో పక్క రాదు. రాని పక్కే ఎక్కువ చెయ్యండి.

మాకు నేర్పిన మలయాళీ సార్జెంట్ గారు మేము దూకుతుంటే వీపు తిప్పి నిలబడేవారు. కళ్ళతో చూసేవారు కాదు, వినేవారు. బూట్లు రెండూ కలిసి పడితే ఒకటే 'ధబ్' వినిపిస్తుంది. పాదాలు విడిపోతే 'ధబ్ ధబ్' అని రెండు. రెండు చప్పుళ్ళు వినిపిస్తే వెనక్కి తిరక్కుండానే నంబరు పిలిచి, "మళ్ళీ" అనేవారు. ఇప్పుడు నేనూ అదే చేస్తాను. ఫోన్‌లో వీడియో తీసి చూసుకోవడం కంటే ఇది త్వరగా పట్టిస్తుంది. స్నేహితుణ్ణి అటు తిప్పి నిలబెట్టి వినమనండి.

రెండో వారం రెండడుగుల గట్టు. అది కుదిరాకే నాలుగు అడుగులు. అంతకు మించి వద్దు. మిద్దె మీంచి టార్పాలిన్ పట్టుకుని దూకుదామనే ఆలోచన ఎవరికైనా వస్తే గట్టిగా వద్దని చెప్పండి. ఆ ఎత్తు నుంచి ఏ గుడ్డా సరిగ్గా విచ్చుకోదు.

ఇక చూపు. నేలని చూడకూడదు, దూరంగా చూడాలి. "మామా, కిందికి చూడకుంటే నేల ఎప్పుడొస్తాదో ఎట్ల తెలుస్తాది?" అని మావాడు అడిగాడు. మంచి ప్రశ్నే. తెలియాల్సిన పని లేదు. కాళ్ళు దగ్గరగా ఉంటే నేల ఎప్పుడొచ్చినా ఫర్వాలేదు. కిందికి చూస్తే నేల దూసుకొస్తున్నట్టు ఉండి, మనకి తెలియకుండానే ఒక కాలు ముందుకి చాపుతాం. నా మూడో జంప్‌లో నేను చేసిన తప్పు అదే. ప్యాకెట్ అనే రవాణా విమానంలోంచి బాగానే బయటికి వచ్చాను, పారాచూట్ బాగానే విచ్చుకుంది. చివర్లో గాలి విసురుకి కంగారుపడి కిందికి చూశాను. కుడి కాలు ముందు తగిలింది. చీలమండ దగ్గర పుటుక్కుమన్న చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. ఆరు వారాలు కట్టు. నా బ్యాచ్ వాళ్ళు రెక్కల బ్యాడ్జి పెట్టుకున్న రోజు నేను మంచం మీద ఉన్నాను. మిగిలిన రెండు జంపులూ, రాత్రి జంప్‌తో సహా, తర్వాతి బ్యాచ్‌తో పూర్తి చేశాను.

గాలిని చదవడం కూడా ఇక్కడే నేర్చుకోవచ్చు. మల్పురా మైదానం అంచున సైకిల్ మీద టీ అమ్మే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. మేము పైన్నుంచి ఆయన పొయ్యి పొగ కోసం వెతికేవాళ్ళం. ఆ సంగతి తెలిసి, విమానం చప్పుడు వినగానే పొయ్యిలో పచ్చి ఆకు వేసేవాడు, పొగ దట్టంగా లేవాలని. పొగ ఎటు వాలితే గాలి అటు పోతున్నట్టు. దానికి ఎదురు వైపు రైజర్లు లాగితే పక్కకి కొట్టుకుపోయే వేగం తగ్గుతుంది.

సరదాకి దూకే పౌరుల మైదానాల్లో దీనికి ఇంకో పద్ధతి ఉండేది. 1959లో అమెరికాలో మాసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆరెంజ్ అనే ఊళ్ళో ఆ దేశపు మొదటి వాణిజ్య పారాచూట్ కేంద్రం మొదలైంది. ఆ కాలపు జంపర్లు దిగాల్సిన గురి మీదుగా విమానంలో పోతూ, బరువు కట్టిన పొడవాటి క్రేప్ కాగితం రిబ్బన్‌ని ముందు కిందికి వదిలేవాళ్ళు. అది గురికి ఎంత దూరంలో, ఏ వైపు పడిందో చూసి, గురికి దాని ఎదురు వైపు అంతే దూరం పోయి దూకేవాళ్ళు. మా వైపు ఆషాఢం గాలి సంగతి చెప్పక్కర్లేదు, రామగిరి గాలిమరలే సాక్ష్యం. ఆ రోజుల్లో రిబ్బన్ ముక్కకి చిన్న రాయి కట్టి గట్టు మీంచి వదలండి. ఎన్ని అడుగులు పక్కకి పోయిందో కొలిచి రాసుకోండి.

నేల మీద పడగానే పని అయిపోలేదు. గాలి ఉంటే పారాచూట్ మనిషిని ఈడ్చుకుపోతుంది. వెంటనే కింది వైపు తాళ్ళు చేతికి చుట్టకుండా గబగబా లాక్కోవాలి, లేదా లేచి పరుగెత్తి గుడ్డకి అటు పక్కకి పోవాలి. అప్పుడు గాలి పోయి గుడ్డ కూలుతుంది. పాత దుప్పటికి నాలుగు తాళ్ళు కట్టి మేము ఇది అభ్యాసం చేస్తాం.

ఇప్పటి చదరపు పారాచూట్‌లతో నిలబడే దిగుతున్నారు కదా అని పిల్లలు అంటారు. నిజమే. అయినా కొత్తవాళ్ళకి ఈ దొర్లడం ఇంకా నేర్పుతూనే ఉన్నారు, దిగేటప్పుడు లెక్క తప్పితే ఆదుకునేది ఇదే. బోధకుడి ఒంటికి కట్టుకుని దూకే టాండెమ్ జంప్‌కి మాత్రం ఇది వాడొద్దు. అక్కడ కాళ్ళు పైకెత్తమంటారు, ఆ మాటే వినాలి.

మొన్న ఆదివారం మావాడు నాలుగడుగుల గట్టు ఎక్కుతానన్నాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను. రెండు చప్పుళ్ళు. "మళ్ళీ" అన్నాను. ఈసారీ రెండే, కాకపోతే దగ్గర దగ్గరగా. వచ్చే వారం తువ్వాలుతో మళ్ళీ రెండడుగుల గట్టు దగ్గర మొదలుపెడతాం.