శాలరీ క్యాప్ కింద ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఆటగాళ్ల ఒప్పందాలను ఎలా నడుపుతాయి

అమెరికన్ ఫుట్‌బాల్‌కు సంబంధించిన ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్‌లో 32 జట్లు ఉన్నాయి. ఒక ఏడాదిలో ఆటగాళ్లపై ఎంత ఖర్చు చూపవచ్చో నిర్ణయించే శాలరీ క్యాప్ అన్ని జట్లకూ ఒక్కటే. 1994లో మొదలైనప్పుడు 3.46 కోట్ల డాలర్లుగా ఉన్న ఈ పరిమితి 2025 నాటికి 27.92 కోట్ల డాలర్లకు చేరింది. ఐపీఎల్ వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఒక ఆటగాడిని కొంటే ఆ ధర మొత్తం ఆ ఏడాది పర్సులోంచే పోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కాదు. ఆటగాడి చేతికి డబ్బు ఎప్పుడు అందిందన్నది ఒక లెక్క, ఆ డబ్బును ఏ ఏడాది క్యాప్‌లో రాశారన్నది వేరే లెక్క. ఇచ్చిన ప్రతి డాలరూ ఏదో ఒక ఏడాది పద్దులోకి వచ్చి తీరుతుంది కాబట్టి, ఏ ఆటగాడి కోసం ఏ ఏడాదిని బరువెక్కించాలన్నదే జట్టు యాజమాన్యం చేయాల్సిన అసలు నిర్ణయం. అమెరికాలో ఉంటూ ఈ ఆటను అనుసరిస్తున్న తెలుగువారు గానీ, క్రీడా నిర్వహణ చదువుతున్న విద్యార్థులు గానీ ఒక జట్టు క్యాప్ పట్టికను తామే నడపాల్సి వస్తే ఏ క్రమంలో ఆలోచించాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా మీ జట్టు అసలు పరిమితి తేల్చుకోండి

లీగ్ ప్రకటించే అంకె మీకు ప్రారంభ స్థానం మాత్రమే. గత ఏడాది వాడకుండా మిగిల్చిన మొత్తాన్ని ఈ ఏడాదికి కలుపుకోవచ్చు కాబట్టి దాన్ని చేర్చండి. జట్టులో ఇప్పుడు లేని ఆటగాళ్ల పేరిట ఇంకా రాయాల్సి ఉన్న మొత్తాన్ని డెడ్ మనీ అంటారు. దాన్ని తీసివేయండి. మిగిలినదే మీ జట్టు పరిమితి. లీగ్ సంవత్సరం మార్చి మధ్యలో మొదలవుతుంది, ఆ క్షణానికి పట్టిక పరిమితి లోపల ఉండాలి. పన్ను కట్టి పరిమితి దాటే వెసులుబాటు ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ జట్లకు ఉంది కానీ ఇక్కడ లేదు. ప్రతి ఒప్పందాన్నీ లీగ్ కార్యాలయం ఆమోదించాలి, జట్టును పరిమితి దాటించే ఒప్పందానికి ఆమోదం దొరకదు.

వేసవి అంతా అత్యధిక క్యాప్ విలువ ఉన్న 51 మంది ఆటగాళ్లనే లెక్కిస్తారు. సెప్టెంబరులో సీజన్ మొదలయ్యేసరికి 53 మంది జట్టు, గాయాల జాబితాలో ఉన్నవారు, ప్రాక్టీస్ స్క్వాడ్ (జట్టుతో సాధన చేసే అదనపు ఆటగాళ్లు) అందరూ లెక్కలోకి వస్తారు. జూలైలో సరిపోయినట్టు కనిపించే పట్టిక సెప్టెంబరులో సరిపోకపోవడానికి ఇదే కారణం.

రాబోయే ఏళ్ల పరిమితి పెరుగుతూనే ఉంటుందన్న ధీమాతో లెక్కలు వేయడం మంచిది కాదు. లీగ్ ఆదాయంలో ఆటగాళ్లకు దక్కే వాటాను యజమానులు, ఆటగాళ్ల సంఘం కలిసి కుదుర్చుకున్న ఒప్పందం నిర్ణయిస్తుంది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2020లో కుదిరి 2030 సీజన్ దాకా నడుస్తుంది. అయినా కరోనా కాలంలో స్టేడియాలు ఖాళీ అయినందువల్ల 2020లో 19.82 కోట్లుగా ఉన్న పరిమితి 2021లో 18.25 కోట్ల డాలర్లకు పడిపోయింది. ఖర్చును తర్వాతి ఏళ్లకు నెట్టిపెట్టుకున్న జట్లు ఆ మార్చిలో మంచి ఆటగాళ్లను వదులుకోవాల్సి వచ్చింది.

ఒప్పందాన్ని విడదీసి చూడండి

వార్తల్లో వచ్చే మొత్తం అంకెను పక్కన పెట్టి, ఒప్పందంలోని బేస్ శాలరీ ఎంతో, సిగ్నింగ్ బోనస్ ఎంతో విడివిడిగా రాసుకోండి. బేస్ శాలరీ ఏ ఏడాది ఇస్తే ఆ ఏడాదే క్యాప్‌లో పడుతుంది. సిగ్నింగ్ బోనస్ సంతకం చేసిన కొద్ది కాలానికే ఆటగాడి చేతికి అందుతుంది కానీ, క్యాప్‌లో దాన్ని ఒప్పందం ఉన్న ఏళ్ల మీద, గరిష్ఠంగా ఐదేళ్ల మీద, సమానంగా పంచి రాస్తారు.

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. ఒక ఆటగాడితో నాలుగేళ్లకు 6 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరిందనుకోండి. అందులో 2 కోట్లు సిగ్నింగ్ బోనస్. బేస్ శాలరీ మొదటి ఏడాది 20 లక్షలు, రెండో ఏడాది 1 కోటి, మూడు, నాలుగు ఏళ్లలో చెరో 1.40 కోట్లు. బోనస్ వాటా ఏడాదికి 50 లక్షల చొప్పున పడుతుంది కాబట్టి క్యాప్ హిట్, అంటే ఆ ఏడాది క్యాప్‌లో పడే మొత్తం, వరసగా 70 లక్షలు, 1.50 కోట్లు, 1.90 కోట్లు, 1.90 కోట్లు అవుతుంది. మొదటి ఏడాది ఆటగాడికి 2.20 కోట్లు అందినా పట్టికలో 70 లక్షలే కనిపిస్తుంది. ఒకే వేసవిలో ముగ్గురు నలుగురు పెద్ద ఆటగాళ్లను తెచ్చుకున్న జట్టు పరిమితి లోపలే ఎలా ఉందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. ఆ వెసులుబాటుకు మూడు, నాలుగు ఏళ్లలో బదులు చెల్లించాలన్నది కూడా ఇదే చెబుతుంది.

హామీ మొత్తం, అది ఖాయమయ్యే తేదీ

ఎన్‌ఎఫ్‌ఎల్ ఒప్పందాల్లో చాలా భాగానికి హామీ ఉండదు. పై ఉదాహరణలో నాలుగో ఏడాది జీతానికి హామీ రాసుకోకపోతే, ఆటగాడిని వదిలేసిన జట్టు ఆ 1.40 కోట్లు ఇవ్వనక్కర్లేదు. మోకాలి గాయం ఒక్కటి ఆటగాడి జీవనాధారాన్నే తీసేయగల ఆట ఇది. అందువల్ల ఏజెంట్లు మొత్తం అంకె కంటే హామీ మొత్తం కోసమే పోరాడతారు, ఆ పోరాటం న్యాయమైనదని నా అభిప్రాయం. 2018లో మిన్నెసోటా జట్టుతో కర్క్ కజిన్స్ కుదుర్చుకున్న మూడేళ్ల 8.40 కోట్ల డాలర్ల ఒప్పందం మొత్తానికీ హామీ ఉంది. 2022లో క్లీవ్‌లాండ్ జట్టు డెషాన్ వాట్సన్‌కు ఐదేళ్లకు 23 కోట్ల డాలర్లు పూర్తి హామీతో రాసిచ్చింది.

జట్టు వైపు నుంచి చూస్తే, ప్రతి ఒప్పందంలో హామీ ఏ రోజున ఖాయమవుతుందో క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోవాలి. మార్చిలో లీగ్ సంవత్సరం మొదలైన మూడో రోజుకో ఐదో రోజుకో ఆటగాడు జట్టులో ఉంటే తర్వాతి ఏడాది జీతానికి కూడా హామీ వస్తుందని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది. రసెల్ విల్సన్ అనే ఆటగాడి విషయంలో డెన్వర్ జట్టు ఎదుర్కొన్నది ఇదే. 2024 మార్చిలో ఆ తేదీ దాటి ఉంటే అతని 2025 జీతం 3.70 కోట్ల డాలర్లకు కూడా హామీ ఏర్పడేది. జట్టు అంతకు ముందే అతన్ని విడుదల చేసింది. అయినా సుమారు 8.5 కోట్ల డాలర్ల డెడ్ మనీ రెండేళ్ల మీద రాయాల్సి వచ్చింది: 2024లో దాదాపు 5.3 కోట్లు, 2025లో దాదాపు 3.2 కోట్లు.

రీస్ట్రక్చర్, వాయిడ్ ఇయర్స్

క్యాప్‌లో చోటు కావాల్సివచ్చినప్పుడు జట్లు ముందుగా చూసేది రీస్ట్రక్చర్ వైపే. ఆటగాడి బేస్ శాలరీలో కనీస వేతనం మేర ఉంచి, మిగిలినదాన్ని బోనస్‌గా మార్చి, మిగిలిన ఏళ్ల మీద పంచుతారు. ఆటగాడికి రావాల్సిన డబ్బు తగ్గకపోగా ముందే చేతికి వస్తుంది కాబట్టి అతను అరుదుగానే కాదంటాడు. చాలా ఒప్పందాల్లో అతని అనుమతి అవసరం లేకుండానే జట్టుకు ఈ హక్కు రాసి ఉంటుంది.

మన ఉదాహరణలో రెండో ఏడాది 1 కోటి బేస్‌లో 10 లక్షలు ఉంచి 90 లక్షలను బోనస్‌గా మారిస్తే, మిగిలిన మూడేళ్ల మీద ఏటా 30 లక్షలు అదనంగా పడుతుంది. రెండో ఏడాది క్యాప్ హిట్ 1.50 కోట్ల నుంచి 90 లక్షలకు దిగుతుంది. మూడు, నాలుగు ఏళ్ల హిట్ 2.20 కోట్లకు పెరుగుతుంది. ఇప్పుడు గమనించాల్సింది మరొకటి ఉంది. మార్పు చేయకముందు రెండేళ్ల తర్వాత అతన్ని వదిలేస్తే ఇంకా రాయని బోనస్ వాటాలు, అంటే డెడ్ మనీ, 1 కోటి, ఆ ఏడాది మిగులు 90 లక్షలు. మార్పు చేశాక డెడ్ మనీ 1.60 కోట్లు, మిగులు 60 లక్షలే. అంటే రీస్ట్రక్చర్ చేసిన ప్రతిసారీ ఆ ఆటగాడిని వదులుకోవడం మరింత ఖరీదైపోతుంది. అందువల్ల రీస్ట్రక్చర్ చేసే ముందు ఈ ఏడాది ఎంత మిగులుతుందని కాకుండా, ఈ ఆటగాడు మరో రెండేళ్ల తర్వాత కూడా మన జట్టులో ఆడాలని నిజంగా కోరుకుంటున్నామా అని అడగండి. జవాబు తడబడితే ఆ ఒప్పందాన్ని ముట్టుకోకండి, చోటు మరోచోట వెతకండి.

వాయిడ్ ఇయర్స్ ఇంకో మెట్టు ముందుకు వెళతాయి. ఆటగాడు ఆడబోని ఏళ్లను బోనస్ పంచడానికే ఒప్పందం చివర చేర్చి, ఫలానా తేదీకి అవి రద్దవుతాయని రాస్తారు. అదే 90 లక్షలను రెండు వాయిడ్ ఇయర్స్ చేర్చి ఐదేళ్ల మీద పంచితే ఏటా 18 లక్షలే పడుతుంది, రెండో ఏడాది హిట్ 78 లక్షలకు తగ్గుతుంది. నాలుగో ఏడాది ముగిశాక మిగిలిన 36 లక్షలు ఒక్కసారిగా ఐదో ఏడాది డెడ్ మనీగా పడతాయి. టామ్ బ్రేడీతో టాంపా బే చేసింది ఇలాంటిదే. అతను ఉండగా 2021 ఫిబ్రవరిలో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన ఆ జట్టు, అతను విరమించాక 2023లో దాదాపు 3.5 కోట్ల డాలర్ల డెడ్ మనీ మోసింది. గెలిచే అవకాశం నిజంగా చేతిలో ఉన్నప్పుడు తెలిసి చేసిన ఖర్చు అది, అందులో తప్పేమీ లేదంటాను. న్యూ ఆర్లీన్స్ మాత్రం 2021లో డ్రూ బ్రీస్ విరమించిన తర్వాత కూడా ప్రతి మార్చిలో వయసు మీరుతున్న ఆటగాళ్ల ఒప్పందాలను అదే పనిగా మార్చుకుంటూ వచ్చింది. ఆ తర్వాతి నాలుగు సీజన్లలో, 2024 వరకు, ప్లేఆఫ్స్‌కు ఒక్కసారి కూడా చేరలేదు. గెలవలేని జట్టు భవిష్యత్తును తాకట్టు పెడితే దొరికేది కొత్త ఆటగాళ్లు కాదు, పాత జట్టే మరో ఏడాది కొనసాగుతుంది.

విడుదల, ట్రేడ్

ఆటగాడిని జూన్ 1 లోపు విడుదల చేస్తే పంచగా మిగిలిన బోనస్ మొత్తం ఈ ఏడాది క్యాప్‌లోనే పడుతుంది. ఆ తేదీ తర్వాత విడుదల చేస్తే ఈ ఏడాది వాటా ఈ ఏడాదిలో, మిగిలినది వచ్చే ఏడాదిలో పడతాయి. రీస్ట్రక్చర్ చేయని మన ఉదాహరణలో రెండేళ్ల తర్వాత జూన్ 1 దాటాక విడుదల చేస్తే మూడో ఏడాది 50 లక్షలు, నాలుగో ఏడాది 50 లక్షలు డెడ్ మనీగా పడి, మూడో ఏడాదిలో 1.40 కోట్లు మిగులుతుంది. మార్చిలోనే విడుదల చేస్తూ జూన్ 1 తర్వాతి లెక్క వర్తింపజేసుకునే వీలు జట్టుకు ఏటా ఇద్దరు ఆటగాళ్ల విషయంలో ఉంది. అయితే ఆ మిగులు జూన్ దాకా మీ చేతికి రాదు. మార్చిలో ఫ్రీ ఏజెంట్లను (ఒప్పందం ముగిసి ఏ జట్టుతోనైనా చేరగల ఆటగాళ్లను) కొనడానికి అది పనికిరాదు, డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియలో) ఎంచుకున్నవారి ఒప్పందాలకు, సీజన్ ఖర్చులకు పనికొస్తుంది.

ఆటగాడిని మరో జట్టుకు ఇచ్చే ట్రేడ్‌లోనూ ఇదే సూత్రం. ఇకమీదట ఇవ్వాల్సిన బేస్ శాలరీ కొత్త జట్టుకు వెళుతుంది, పాత బోనస్ వాటాలు పాత జట్టుకే ఉండిపోతాయి.

తక్కువ ఖర్చులో దొరికే ఆట

పట్టికను నిలబెట్టేది కుర్రాళ్ల ఒప్పందాలే. 2010లో డ్రాఫ్ట్‌లో మొదటి స్థానంలో ఎంపికైన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం, అందులో 5 కోట్ల హామీ దక్కాయి. 2011లో కొత్త నిబంధనలు వచ్చాక అదే స్థానంలో ఎంపికైన కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు దక్కింది సుమారు 2.2 కోట్లే. ఇప్పుడు డ్రాఫ్ట్ ఒప్పందాలన్నీ నాలుగేళ్లవి, స్థానాన్ని బట్టి దాదాపు ఖాయమైనవి. మొదటి రౌండ్ ఆటగాళ్లకు ఐదో ఏడాది పొడిగించే హక్కు జట్టుకు ఉంటుంది. మూడు సీజన్లు గడిచేదాకా ఎవరి ఒప్పందాన్నీ తిరగరాయకూడదు.

ఈ మూడేళ్లు ఎంత విలువైనవో శాన్ ఫ్రాన్సిస్కో చూపించింది. 2022 డ్రాఫ్ట్‌లో చిట్టచివరి, 262వ స్థానంలో ఎంపికైన బ్రాక్ పర్డీ 2023లో 8.70 లక్షల డాలర్ల జీతానికి ఆ జట్టును సూపర్ బౌల్ దాకా తీసుకువెళ్లాడు. 2025 మేలో అతనికే ఐదేళ్లకు 26.5 కోట్ల డాలర్ల ఒప్పందం ఇవ్వాల్సి వచ్చింది. పర్డీ లాంటి క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే, బంతి విసిరే ఆటగాడు) చౌకగా ఉన్నంతకాలం మిగతా స్థానాల్లో ఖర్చు చేయండి, ఆ ఒప్పందాలు అతని పెద్ద ఒప్పందం మొదలయ్యే ఏడాదికి ముగిసేలా రాయండి. విల్సన్ డెడ్ మనీ మోస్తూనే డెన్వర్ 2024లో ప్లేఆఫ్స్‌కు చేరగలిగిందంటే, క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన బో నిక్స్ తొలి ఏడాది కుర్రాడు కావడం అందుకు ఒక ముఖ్య కారణం.

ఒప్పంద కాలం తీరిన మంచి ఆటగాడిని వెంటనే వదులుకోలేని జట్టుకు ఏటా ఒక ఫ్రాంచైజ్ ట్యాగ్ ఉంటుంది. దాంతో ఆ స్థానంలోని అగ్ర వేతనాల ఆధారంగా లెక్కగట్టిన ఒక ఏడాది జీతానికి అతన్ని ఆపవచ్చు. అదే ఆటగాడికి రెండో ఏడాదీ వాడితే జీతం కనీసం 20 శాతం పెరుగుతుంది. కజిన్స్‌కు వాషింగ్టన్ 2016లో సుమారు 1.995 కోట్లు, 2017లో సుమారు 2.394 కోట్ల డాలర్లు ఇచ్చి, చివరకు అతన్ని పోగొట్టుకుంది. ట్యాగ్ మొత్తం ఆ ఏడాది క్యాప్‌లోనే పడుతుంది, పంచడానికి వీలుండదు. దీర్ఘకాల ఒప్పందానికి జూలై మధ్య దాకా దొరికే సమయంగానే దాన్ని వాడుకోవాలి.

సీజన్ నడుస్తుండగా

ప్రదర్శనను బట్టి ఇచ్చే ప్రోత్సాహకాలను లీగ్ రెండు రకాలుగా చూస్తుంది. గత సీజన్‌లో ఆటగాడు సాధించిన స్థాయినే షరతుగా పెడితే ఆ మొత్తం ఇప్పుడే క్యాప్‌లో పడుతుంది. అంతకు మించిన స్థాయిని పెడితే ఇప్పుడు పడదు, సాధిస్తే వచ్చే ఏడాది పరిమితిలోంచి తగ్గుతుంది. గత ఏడాది ఎనిమిది సాక్‌లు (బంతి విసరకముందే ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాలు) చేసిన ఆటగాడికి ఎనిమిదికి బోనస్ రాస్తే మొదటి రకం, పదికి రాస్తే రెండో రకం. గాయాల నుంచి కోలుకుంటున్న ఆటగాడు తక్కువ మ్యాచ్‌లు ఆడి ఉంటాడు కాబట్టి అతనికి రెండో రకం షరతులు ఇరుపక్షాలకూ మేలు చేస్తాయి.

సెప్టెంబరులో చేతిలో ఉన్నదంతా ఖర్చు చేసి సీజన్‌లోకి దిగకండి. గాయపడినవారి జీతాలు క్యాప్‌లో కొనసాగుతూనే ఉంటాయి, వారి స్థానంలో వచ్చేవారి జీతాలు వాటిపైన చేరతాయి. సీజన్ ముగిసేలోగా, మిగిలిన చోటులో ఎంత భాగాన్ని తర్వాతి ఏడాదికి తీసుకువెళుతున్నారో లీగ్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. సాధించిన ప్రోత్సాహకాలను అందులోంచి తీసివేసి, మార్చికి కొత్త పట్టిక మొదటి వరుసలో ఆ అంకెను రాసుకోండి.