రాజకీయ పాఠాలను చదివి ఆడియో చేయడం ఎలా?

హక్కులు, ఎన్నికలు, చట్టసభలు, ఉద్యమాల చరిత్ర. వీటి గురించి కూర్చుని చదివే తీరిక చాలామందికి ఉండదు. పని చేసుకుంటూ వినమంటే మాత్రం వింటారు. 1865లో క్యూబాలోని హవానా చుట్టల ఫ్యాక్టరీల్లో ఇదే జరిగింది. ఒకరు పత్రికలూ పుస్తకాలూ పైకి చదువుతుంటే మిగతావాళ్లు చుట్టలు చుడుతూ వినేవారు. చదివేవారికి ఇచ్చే డబ్బు కార్మికులే తలా కొంత వేసుకునేవారు. మరుసటి ఏడాదే ప్రభుత్వం ఇలా చదివి వినిపించడాన్ని నిషేధించింది. ఇప్పుడు ఆ పనికి ఒక ఫోన్, ఓ నిశ్శబ్దమైన గది చాలు.

ముందు హక్కుల సంగతి తేల్చుకోండి

రచయిత చనిపోయాక చాలా దేశాల్లో 50 నుంచి 70 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. మూల రచనకు గడువు తీరినా అనువాదానికి తీరకపోవచ్చు. అనువాదకుల హక్కు వేరు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. అనుమానం ఉంటే ప్రచురణకర్తకు ఉత్తరం రాసి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఉచితంగా పంచుతున్నాం కదా అన్నది సమాధానం కాదు.

వినేవాళ్లను బట్టి ముక్కలు చేయండి

ఒక్కో భాగం పది నిమిషాలు దాటకుండా చూడండి. పేజీల లెక్కన కాకుండా, ఒక వాదన ముగిసిన చోట ఆపండి. యువతకూ పెద్దలకూ ఒకే పాఠం చదవవచ్చు, పరిచయం మాత్రం మారాలి. ఇంకా ఓటు వేయని వాళ్లకు నియోజకవర్గం అంటే ఏమిటో చెప్పాలి. ఏళ్లుగా ఓటు వేస్తున్నవాళ్లకు అదే చెబితే చిన్నబుచ్చినట్టు ఉంటుంది.

పెన్సిల్ పట్టుకుని పాఠాన్ని సిద్ధం చేయండి

అసలు కష్టమంతా ఇందులోనే ఉంది. కళ్లతో చదివేవారు అర్థం కాకపోతే వెనక్కి వెళ్తారు, వినేవారు వెళ్లరు. కాబట్టి ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద బరువు వేయాలో ముందే గీసుకోవాలి.

ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబర్ 10న ఆమోదించిన సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన తీసుకోండి. అందులోని 30 అధికరణాల్లో 19వది భావప్రకటన గురించి. సారాంశం చూస్తే, ఎవరి జోక్యమూ లేకుండా అభిప్రాయం కలిగి ఉండటం, ఏ మాధ్యమం ద్వారానైనా, సరిహద్దులతో నిమిత్తం లేకుండా, సమాచారాన్నీ భావాలనూ వెతకడం, పొందడం, పంచడం. ఒక్క ఊపిరిలో చదివేస్తే చివరి ‘పంచడం’ ఒక్కటే చెవిలో మిగులుతుంది. ‘జోక్యమూ లేకుండా అభిప్రాయం కలిగి ఉండటం’ తర్వాత ఒక గీత గీయండి. వెతకడం, పొందడం, పంచడం మూడింటి కిందా సమానంగా గీత పెట్టండి. మధ్యలోని ‘పొందడం’ వినేవారి హక్కు. దాన్ని మింగేయకూడదు.

సంక్షిప్త నామాలను మొదటిసారి పూర్తిగా చదవండి. అధోసూచికల్లో (పేజీ అడుగున ఇచ్చే వివరణల్లో) అర్థానికి అవసరమైనవే చదివి, ముందు ‘అధోసూచిక’ అని చెప్పండి. కష్టమైన మాటకు వివరణ ఇవ్వాలంటే భాగం చివర ఇవ్వండి, అది మీ మాటేనని తెలిసేలా. వీలైతే మరో గొంతుతో. రచయిత వాక్యం మధ్యలో మీ అభిప్రాయం దూరిస్తే ఎవరి మాట ఏదో వినేవారికి తెలియదు.

గొంతులో తీర్పు వద్దు

ఒక్క అక్షరం మార్చకుండానే గొంతు అర్థాన్ని మార్చేయగలదు. రచయిత తన ప్రత్యర్థి వాదనను ఉదహరించిన చోట చాలామంది తెలియకుండానే వెటకారంలోకి జారుతారు. ఆ వాదనను కూడా అంతే గట్టిగా, నమ్మినవాళ్లు చదివినట్టే చదవండి. ఖండన బలమేమిటో వినేవారికి అప్పుడే తెలుస్తుంది. ఉపన్యాసంలా అరిచి చదివినా ఇబ్బందే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న మనిషికి అంత గొంతు అక్కర్లేదు.

రికార్డింగ్

పరుపులు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న గది మంచిది, గొంతు ప్రతిధ్వనించదు. ఫ్యాన్ ఆపి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ఎదురుగా ఉంటే ప, ఫ, బ, భ అన్నప్పుడల్లా గాలి కొట్టి టప్‌మంటుంది. మొదట పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేయండి. గది రొద తీసేటప్పుడు ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఆ నమూనా కావాలి.

తప్పు దొర్లితే ఆపేయకండి. ఒకసారి చప్పట్లు కొట్టి, ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చదవండి. తర్వాత స్క్రీన్ మీద చప్పట్ల దగ్గర గీత నిటారుగా లేచి కనిపిస్తుంది, కత్తిరించడం తేలిక. ‘స్వేచ్ఛ’ను ‘స్వేచ’ చేసే అలవాటు మనలో చాలామందికి ఉంది, వేగం తగ్గిస్తే అదే సర్దుకుంటుంది.

సరిచూసి పంచండి

చదివినవారే సరిచూస్తే తప్పులు దొరకవు. మరొకరు పాఠం ముందు పెట్టుకుని వినాలి. ‘కాదు’, ‘లేదు’, ‘తప్ప’ వంటి మాటలు ఎగిరిపోయాయేమో ముఖ్యంగా చూడాలి.

అసలు రికార్డింగ్‌ను వేవ్ (WAV) ఫైలుగా, అంటే నాణ్యత తగ్గని పెద్ద ఫైలుగా దాచుకోండి. పంచడానికి 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) మోనో, అంటే ఒకే చానెల్ ఉన్న ఎంపీ3 చాలు. పది నిమిషాలకు సుమారు 5 ఎంబీ అవుతుంది, తక్కువ డేటా ఉన్నవారికీ బరువు కాదు. ప్రతి భాగం మొదట్లో రచన పేరు, రచయిత, అనువాదకులు, భాగం సంఖ్య చెప్పండి. అందరూ కలిసి వినే చోటికి పంపితే చివర ఒక ప్రశ్న పెట్టండి, అవును-కాదులతో తేలనిది.

చట్టాలు, ఎన్నికల నియమాల మీద పాఠమైతే రికార్డు చేసిన నెల, సంవత్సరం కూడా చదవండి. సవరణ వస్తే కొత్త భాగం పెడతారు, కానీ పాతది ఫోన్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఫైలు పేరు ఎవరైనా మార్చేస్తారు కాబట్టి తేదీ ఆడియో లోపలే ఉండాలి.