పన్నెండు బోరు తుపాకీపై చవక స్కోప్: పరీక్షకు ముందు, పరీక్షలో పాటించవలసిన జాగ్రత్తలు

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజులు దగ్గరపడుతున్నాయంటే ఒడిశాలోని గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి చుట్టుపక్కల పొలాల్లో అడవి పందుల భయం మొదలవుతుంది. పంట రక్షణకు లైసెన్సు తుపాకీ ఉంచుకున్న కుటుంబాల్లో కొందరు ఈ మధ్య కొద్ది వేల రూపాయలకు దొరికే, దూరపు గురిని దగ్గరగా చూపే స్కోప్‌ను కొని, తమ పన్నెండు బోరు తుపాకీకి బిగించుకోవాలని చూస్తున్నారు. ఈ చవక స్కోపుల్లో చాలాభాగం గాలి తుపాకీలకు, పాయింట్ 22 రైఫిళ్లకు తయారైనవి. వాటిని పన్నెండు బోరుపై పెట్టి, రెండు తూటాలు కాల్చి, అద్దం పగలలేదు కాబట్టి గట్టిదేనని తేల్చేయడం ప్రమాదకరమని నా గట్టి అభిప్రాయం. స్కోప్ పగిలితే కంటికి కనబడుతుంది, కాని లోపల గురి జరిగిపోతే ఆ సంగతి తుపాకీ పట్టుకున్నవారికి తెలియదు, గుండు ఎక్కడికి పోతుందో వారు ఊహించలేరు.

ముందుగా చట్టం సంగతి చెప్పాలి. 1959 ఆయుధ చట్టం కింద వచ్చిన లైసెన్సు తుపాకీని దగ్గర ఉంచుకోవడానికే గాని, జంతువును కొట్టడానికి అనుమతి కాదు. అందుకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అధికారం ఉన్న అటవీ అధికారి రాసిచ్చిన అనుమతి వేరుగా కావాలి. పొలం గట్టున, పోడు కొండమీద, ఏటి ఒడ్డున పరీక్ష కాల్పులు జరపకూడదు. పశువుల కాపరులు, ఆకులకూ కట్టెలకూ వెళ్లేవారు ఎప్పుడు ఏ తుప్ప వెనుక ఉంటారో తెలియదు. పైగా నిర్లక్ష్యంగా కాల్చి ప్రాణాలకు ముప్పు తెస్తే, ఆయుధ చట్టానికి వచ్చిన 2019 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. పరీక్షకు తగిన చోటు రైఫిల్ సంఘం వారి ఫైరింగ్ రేంజ్ ఒక్కటే. అది ఆంధ్ర వైపు ఉంటే, మీ లైసెన్సు ఒడిశాకే పరిమితమా, సరిహద్దు దాటినా చెల్లుతుందా అన్నది లైసెన్సు పుస్తకంలో చూసుకున్న తరువాతే బయలుదేరాలి. రైలు, అంటే స్కోప్ కూర్చునే గాళ్ల లోహపు పట్టీ, బిగించడానికి తుపాకీకి రంధ్రాలు వేయవలసి వస్తే ఆ పని లైసెన్సు ఉన్న తుపాకీ మరమ్మతుదారుడి చేతనే చేయించాలి. నాటు తుపాకీకి స్కోప్ అన్న ఆలోచనే వద్దు.

దెబ్బ ఎంతటిదో తెలిస్తే ఈ జాగ్రత్తలన్నీ ఎందుకో అర్థమవుతుంది. మూడు కిలోల పైచిలుకు బరువున్న పన్నెండు బోరు తుపాకీ, 28 గ్రాముల ఒంటి గుండు తూటా పేలినప్పుడు సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో వెనక్కి తంతుంది. ఆ దెబ్బ శక్తి దాదాపు 40 జౌళ్లు ఉంటుంది. పాయింట్ 22 రైఫిల్‌లో అది ఒక జౌలు కూడా ఉండదు. స్కోప్ గొట్టంలో ఇంకొక సన్నని గొట్టం ఉంటుంది, దాన్ని ఒక స్ప్రింగు, స్కోప్ పైనున్న మరల వైపు అదిమిపెట్టి ఉంచుతుంది. మనం మర తిప్పినప్పుడు కదిలేది ఆ లోపలి గొట్టమే. స్ప్రింగు మెత్తదైతే ప్రతి దెబ్బకూ గొట్టం ఎగిరి, తిరిగి కొంచెం పక్కగా కూర్చుంటుంది. గురి చూసే అడ్డుగీతలు ఒరిగిపోవడం, కటకం వదులై బొమ్మ మసకబారడం ఇలాంటి స్కోపుల్లో కనబడే తక్కిన లోపాలు.

బిగింపులో పొరపాటు ఉంటే నేరం స్కోప్ మీదికి వస్తుంది, అందువల్ల దీనిపై ఓపికగా సమయం పెట్టాలి. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ బరువు కారణంగా ఉన్నచోటే ఉండబోతుంది, అంటే తుపాకీతో పోలిస్తే అది ముందుకు జారుతుంది. కాబట్టి స్కోప్ గొట్టాన్ని పట్టి ఉంచే రింగుల అడుగున ఉన్న అడ్డు మరను రైలు గాడిలో తుపాకీ మూతి వైపు గోడకు ఆనించి, ఆ తరువాత బిగించాలి. రైలు, రింగుల లోపలి భాగం నూనె లేకుండా తుడవాలి. రింగు మరలను బిగువు ఎంతో చూపే చిన్న టార్క్ రెంచితో సుమారు 2 న్యూటన్ మీటర్లకు, అటొకటి ఇటొకటిగా బిగించాలి. చేతి బలమంతా పెడితే గొట్టం నొక్కుకుపోతుంది. తరువాత రింగు అంచు నుంచి గొట్టం మీదికి, మర తల నుంచి రింగు మీదికి గోళ్ల రంగుతో సన్నని గీతలు గీసి ఉంచితే, కాల్పుల తరువాత ఏది కదిలిందో ఆ గీతలే చెబుతాయి.

కన్ను విషయంలో ఏమాత్రం రాజీపడవద్దు. ఖాళీ తుపాకీని భుజానికి ఆనించి గురి చూసినప్పుడు, బొమ్మ నిండుగా కనిపిస్తూనే కంటికీ వెనుక కటకానికీ మధ్య కనీసం 9 సెంటీమీటర్ల దూరం ఉండాలి. గాలి తుపాకీ స్కోపుల్లో కొన్నిటికి అంత దూరం కుదరదు; కుదరకపోతే పరీక్ష అక్కడితో ఆపేయాలి, లేదంటే స్కోప్ లోహపు అంచు కనుబొమ్మను చీలుస్తుంది. పన్నెండు బోరు చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది గనుక చెవులకు మూతలు, కళ్లకు గట్టి అద్దాలు తప్పనిసరి. తూటా కూర్చునే గది, అంటే ఛాంబరు, 70 మిల్లీమీటర్లదైతే అందులో 76 మిల్లీమీటర్ల తూటా పెట్టకూడదు. బిగుతు చోక్ (మూతి దగ్గర ఇరుకు) ఉన్న గొట్టంలో ఒంటి గుండు వాడవచ్చో లేదో తయారీదారు సూచన చూడాలి.

ఇక అసలు పరీక్ష. తూటా కాల్చకముందే, ఖాళీ తుపాకీని ఇసుక సంచుల మధ్య కదలకుండా కూర్చోబెట్టి, 50 మీటర్ల దూరంలో సెంటీమీటరు గళ్ల కాగితం నిలబెట్టండి. మర ఒక్కో క్లిక్కుకు పావు నిమిషం (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) చొప్పున కదిలే స్కోప్ అయితే 40 క్లిక్కులకు అడ్డుగీత సుమారు 14.5 సెంటీమీటర్లు జరగాలి, వెనక్కి 40 క్లిక్కులు తిప్పితే మొదటి గడికే తిరిగి రావాలి. ఎంత జరిగిందో, ఎక్కడికి తిరిగి వచ్చిందో రాసుకోండి. కాల్పుల తరువాత మళ్లీ ఇదే కొలవాలి. ఈ కొలతలో గుండు చెదురుపాటు కలవదు కాబట్టి స్కోప్ లోపలి సంగతిని ఇంత స్పష్టంగా చెప్పే పరీక్ష మరొకటి లేదని నేను నమ్ముతాను.

ముందూ చివరా కాగితంపై కొలిచే కాల్పుల్లో తూటా రకం, పెట్టె మారకూడదు. ముందు అయిదు గుళ్లు కాగితంపై కాల్చి వాటి నడిమి బిందువు గుర్తించాలి, తరువాత పది నుంచి పదిహేను బరువైన తూటాలు విరామాలిస్తూ కాల్చాలి, చివర మళ్లీ మొదటి రకం తూటాలే అయిదు కాల్చి నడిమి బిందువు చూడాలి. నున్నటి గొట్టం నుంచి ఒంటి గుళ్లు 50 మీటర్ల వద్ద 10 నుంచి 15 సెంటీమీటర్లు చెదరడం మామూలే గనుక, 3 సెంటీమీటర్ల తేడా చూసి స్కోప్‌ను తప్పుపట్టకూడదు, ఒక్క గుండు నడిమధ్య పడిందని మెచ్చుకోకూడదు. భుజం నొప్పిపుట్టి కాల్చేముందే కన్ను మూసుకుపోతుంటే ఆ రోజుకు ఆపాలి, ఎందుకంటే అక్కడి నుంచి కాగితంపై పడేది మనిషి తడబాటే గాని స్కోప్ గుణం కాదు.

ఫలితం చదివేటప్పుడు ముందు గోళ్ల రంగు గీతలు చూడండి. గీత విడిపోతే తప్పు బిగింపుది. మళ్లీ బిగించి మొదటినుంచి చేయాలి. గీతలు చెక్కుచెదరకుండా ఉండి, గళ్ల కాగితంపై క్లిక్కుల లెక్క తప్పినా, అడ్డుగీతలు ఒరిగినా స్కోప్ ఓడిపోయినట్టే. రెండూ బాగుండి నడిమి బిందువు మాత్రం చాలా దూరం జరిగితే, రైలు మరలనూ తుపాకీ కీలునూ మరమ్మతుదారుడికి చూపించాలి. మడత తుపాకీలో కీలు వదులైనా ఇలాగే జరుగుతుంది.

నెగ్గిన స్కోప్‌ను కూడా వానాకాలపు చెమ్మలో ఒక రాత్రి ఉంచి, ఉదయం టార్చి వేసి లోపలి అద్దాలు చూడాలి. బయటి అద్దంపై పట్టిన ఆవిరి తుడిస్తే పోతుంది. లోపల పొగమంచులా కనబడితే సీలు దెబ్బల్లో వదిలిందని అర్థం. అటువంటి దాన్ని సొంతంగా విప్పవద్దు, విప్పితే గ్యారంటీ పోతుంది. కొన్న బిల్లు, పరీక్షకు ముందూ తరువాతా గళ్ల కాగితంపై రాసుకున్న కొలతలు జతచేసి దుకాణానికి తిప్పి పంపండి, మారుస్తే వచ్చిన కొత్తదానికి కూడా ఇదే పరీక్ష మొదటినుంచి చేయండి.